కప్పు గెలిచి క్లబ్బు పోవడం మేలా, కప్పు లేకపోయినా క్లబ్బు మిగలడం మేలా?

గచ్చిబౌలి గ్యాలరీ · శుక్రవారం, రాత్రి 10:12

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీది సంచిలోంచి పసుపు జెర్సీ బయటపడింది. 2022 మార్చి 20న గోవాలో, ఫతోర్దా స్టేడియంలో మన హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ ఫైనల్ ఆడిన రోజు నేను వేసుకున్నది. చంక దగ్గర కుట్టు ఊడి ఉంది. మన గోల్‌కీపర్ కట్టిమని మూడో పెనాల్టీ ఆపినప్పుడు పక్కనున్న అపరిచితుడు పట్టుకుని ఊపేసిన గుర్తు అది. మా ఆవిడ చూసి "టీమే లేదు కదా, స్టీలు గిన్నెలవాడికి వేసేద్దామా?" అంది. మామూలుగా అయితే గొడవ పడేవాణ్ణి. నిన్న నోట మాట రాలేదు.

ఈమధ్య చేరినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తా. 2019లో పుణే టీమ్ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకి 2 గెలుపులు, 10 పాయింట్లు, అట్టడుగు స్థానం. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. రెండో ఏడు ఐదో స్థానం, మూడో ఏడు కప్పు, నాలుగో ఏడు పట్టికలో రెండో స్థానం. ఐదో ఏడు జీతాలు ఆగాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. 2024లో యాజమాన్యం మారింది. 2025లో టీమ్ ఢిల్లీకి పోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మార్చుకుని.

ఇప్పుడు అడుగుతున్నా. ఆ కప్పు వెనక్కి ఇచ్చేస్తే టీమ్ గచ్చిబౌలిలోనే ఉంటుంది. ఏటా ఏడో స్థానమో ఎనిమిదో స్థానమో. రెండేళ్లకోసారి మన ఊరి కుర్రాడొకడు పైకొస్తాడు. ఒప్పుకుంటారా? నేనైతే రాత్రి నుంచి తేల్చుకోలేకపోతున్నా.

నైజాం నైన్ · శుక్రవారం, రాత్రి 10:20

ఇవ్వను. ఇంకో మాట లేదు.

ఎనిమిదో స్థానం చూడ్డానికి నేను ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని గచ్చిబౌలి ఎందుకు రావాలి అన్నా? ఫైనల్‌లో 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా స్కోరు సమం చేస్తూ కొట్టిన గోల్ గుర్తుందా? అప్పటిదాకా మా హాస్టల్ రూమ్‌లో 11 మందిమి చచ్చిన శవాల్లా కూర్చున్నాం. ఆ బంతి లోపలికి వెళ్లాక కింది ఫ్లోర్ వాళ్లు వచ్చి తలుపు కొట్టారు, ఎవరికేమైందోనని. ఆ ఒక్క నిమిషానికి ఎన్ని ఎనిమిదో స్థానాలు సరిపోతాయి?

గుంటూరు గన్నర్ · శుక్రవారం, రాత్రి 10:41

ఈ ప్రశ్న లండన్ టీమ్ ఆర్సెనల్ అభిమానిని అడగడం పుండు మీద కారం చల్లడమే. అయినా చెప్తాను.

2005లో ఎఫ్ఏ కప్పు గెలిచాం. 2006లో 60,000 సీట్ల కొత్త స్టేడియంలోకి మారాం. ఆ అప్పు తీరేదాకా బెల్టు బిగించుకోవాలన్నారు, సరే అన్నాం. కుర్రాళ్లని పెంచుతున్నాం, రెండేళ్లు ఆగండి అన్నారు, ఆగాం. 2011లో ఫాబ్రెగాస్ వెళ్లాడు, నస్రీ వెళ్లాడు. 2012లో వాన్ పెర్సీ మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్లి మొదటి ఏడాదే వాళ్లకి లీగ్ గెలిపించాడు. అదీ మన చేతులతో పెంచిన చెట్టు పక్కింట్లో కాయడం అంటే. మళ్లీ కప్పు చూసింది 2014లో. తొమ్మిదేళ్లు. ఇంటర్‌లో ఉండగా మొదలుపెట్టిన ఎదురుచూపు, ఉద్యోగం వచ్చాక తీరింది. అది కూడా హల్ సిటీ మీద మొదట్లోనే 0-2తో వెనకబడి, గుండె ఆగినంత పని చేసి.

"భవిష్యత్తు కోసం" అనే మాట యజమాని నోటి నుంచి వస్తే నేను జేబు తడుముకుంటాను.

నైజాం నైన్ · శుక్రవారం, రాత్రి 10:44

గన్నర్ బ్రో, నువ్వు నా పార్టీయే అన్నమాట 😂

గుంటూరు గన్నర్ · శుక్రవారం, రాత్రి 10:47

కాదు. ఆ స్టేడియం ఇప్పటికీ ఉంది, 2023, 2024, 2025 వరుసగా మూడేళ్లు రెండో స్థానంలో నిలిచాం. రెండో స్థానం అంటావా, అదో వేరే రోగం. కానీ మీ పసుపు జెర్సీలా మాది అటక ఎక్కలేదు కదా.

కొచ్చి కోడలు · శుక్రవారం, రాత్రి 11:05

నమస్తే అందరికీ. నేను ఆ రోజు అవతలి వైపు కూర్చున్నదాన్ని. పుట్టిల్లు సైనిక్‌పురి, మెట్టినిల్లు కొచ్చి. మా ఆయన, మామగారు, మరిది అందరూ బ్లాస్టర్స్ మనుషులే. నాకు వేరే దారి లేదు.

గ్యాలరీ గారూ, ఆ రోజు స్టేడియం అంతా పసుపే కదా, మీరెంతమంది ఉన్నారక్కడ? రూల్ ప్రకారం పసుపు జెర్సీ మీ టీమ్‌కి దక్కింది, మావాళ్లు నలుపు వేసుకుని ఆడాల్సి వచ్చింది. ఆ అన్యాయం మీద మా మామగారు ఇప్పటికీ మాట్లాడతారు.

ఇక అసలు విషయం. 2014లో ఫైనల్ ఓడాం. 2016లో ఫైనల్ ఓడాం. 2022లో మీ చేతిలో ఓడాం. ఇన్నేళ్లలో ఒక్క ట్రోఫీ లేదు. అయినా కలూర్ స్టేడియానికి మ్యాచ్ రోజు వెళ్లి చూడండి, మెట్రోలో నిలబడే చోటు దొరకదు. ఆ రోజు మాకు గోల్ కొట్టిన రాహుల్ కేపీ త్రిస్సూర్ కుర్రాడు. అతను బంతి తీసుకుంటే చాలు, మా మరిది "మనోడు" అంటూ లేచి నిలబడేవాడు. ఓడిపోయినా మనోడు ఓడిపోయాడు. అదే తేడా అనుకుంటాను. మీ కప్పు టీమ్‌లో హైదరాబాద్ కుర్రాళ్లు ఎంతమంది?

గచ్చిబౌలి గ్యాలరీ · శుక్రవారం, రాత్రి 11:13

అక్కా, ఆ పసుపు సంగతి ఎందుకు గుర్తుచేశారు. స్టేడియం బయట పసుపు చొక్కాల గుంపు కనిపిస్తే "మనోళ్లే" అని పరిగెత్తుకెళ్లి ఓ పెద్దాయనకి చెయ్యి కలిపా. ఆయన మలయాళంలో ఏదో ఆశీర్వదించాడు. లోపల మేం ఓ మూలకి ఉన్నాం, పిడికెడు మందిమి.

మీ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తల దించుకున్నా.

ఆఫ్‌సైడ్ ఆడిటర్ · శనివారం, ఉదయం 7:30

రాత్రి అందరూ బాగా ఎమోషనల్ అయ్యారు. కాఫీ తాగి చదివాను. ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది.

"అప్పటికప్పుడు గెలుపు" దారి పట్టి చెడిపోయినట్టు గ్యాలరీ రాశాడు. ఆ టీమ్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆకాశ్ మిశ్రా వచ్చినప్పుడు 18 ఏళ్లు. ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో, హితేశ్ శర్మ, రోహిత్ దాను, యాసిర్, అందరూ పాతికలోపు వాళ్లే. వేరే టీముల్లో బెంచీ మీద ఉన్నవాళ్లనీ, ఎవరూ పట్టించుకోనివాళ్లనీ తెచ్చి మనోలో వరుసగా ఆడించాడు. తప్పు చేస్తే తర్వాతి మ్యాచ్‌లో కూడా ఆడించాడు. అది భవిష్యత్తు కోసం కట్టడం కాకపోతే ఏమిటి? అలా కట్టిన రెండో ఏడే గెలిచింది కూడా.

తర్వాత ఏమైంది? లిస్టన్ 2021లోనే మోహన్‌బగాన్‌కి. కప్పు గెలిచిన ఏడాదే ఆశిష్ కూడా అక్కడికే. 2023లో ఆకాశ్ ముంబైకి. అమ్ముకోవడం తప్పు కాదు, చిన్న క్లబ్బులు బతికేదే అలా. అమ్మిన డబ్బుతో కింద ఇంకో వరుస లేచిందా అన్నది అడగాలి. మీరు గెలుపు, భవిష్యత్తు అని రెండు తక్కెట్లు పెట్టారు. ఆ తక్కెడ పట్టుకున్న చేతికి జీతాలిచ్చే స్తోమత లేనప్పుడు ఏ తక్కెట్లో ఏముంటే ఏం లాభం.

నైజాం నైన్ · శనివారం, ఉదయం 8:02

ఆడిటర్ గారూ, ఒప్పుకుంటా, కానీ మన స్ట్రైకర్ ఒగ్బెచేని మరిచిపోయారు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టినాయన వయసు 37. ఆయన ఏ భవిష్యత్తు కోసం? ఆయన లేకుండా మీ పాతికలోపు కుర్రాళ్లు ఫైనల్ దాకా వచ్చేవాళ్లా?

ఆఫ్‌సైడ్ ఆడిటర్ · శనివారం, ఉదయం 8:15

రారు. పాయింట్ నీదే. కుర్రాళ్ల మధ్య ఒక పెద్ద తలకాయ ఉండాలి. పూర్తిగా కుర్రాళ్లతోనే నడిపితే ఏమవుతుందో ఇండియన్ యారోస్‌ని చూశాం. ఫెడరేషన్ టీమ్, అందరూ పిల్లలే. దేశంలోని ఇంకో లీగ్ ఐ-లీగ్‌లో వారం వారం తన్నులు తిన్నారు, 2022లో మూసేశారు. అయితే కొచ్చి కోడలు గారు చెప్పిన రాహుల్ కేపీ అక్కడ తన్నులు తిన్నవాడే, అదీ గుర్తుంచుకోండి.

ఎల్లండ్ రోడ్ డాక్టర్ · శనివారం, మధ్యాహ్నం 2:20

నేను పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాను, ఆసుపత్రి ఉద్యోగం. వచ్చిన కొత్తలో నాకు ఫుట్‌బాల్ అంటే టీవీలో మాంచెస్టర్ యునైటెడ్ మాత్రమే. ఇక్కడి వార్డులో ఆ పేరెత్తాక నాతో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. అలా లీడ్స్ మనిషినయ్యాను.

గ్యాలరీ గారి ప్రశ్న ఈ ఊళ్లో ఇరవయ్యేళ్లుగా నడుస్తోంది. 1990ల్లో వీళ్ల అకాడమీ అద్భుతం. 1993లో, 1997లో కుర్రాళ్ల ఎఫ్ఏ కప్పు గెలిచారు. హ్యారీ క్యూయెల్, వుడ్‌గేట్, ఇయాన్ హార్ట్, తర్వాత అలన్ స్మిత్, అందరూ ఇంట్లో పంటే. 2001లో యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లారు. అక్కడ ఆగి ఉంటే కథ వేరు. చైర్మన్ ఏం చేశాడంటే, రాబోయే ఇరవై పాతికేళ్ల టికెట్ల ఆదాయాన్ని చూపించి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చాడు. ఏటా ఛాంపియన్స్ లీగ్ ఆడతాం, డబ్బు దానంతటదే వస్తుందని లెక్క. ఆ తర్వాత ఒక్క ఏడాది కూడా దానికి అర్హత రాలేదు. అంతే.

2002లో రియో ఫెర్డినాండ్‌ని అమ్మారు, అదీ మాంచెస్టర్‌కి. 2004లో కింది డివిజన్‌కి పడ్డారు. ఆ ఏడాదే ట్రైనింగ్ గ్రౌండ్ అమ్మారు, స్టేడియం కూడా అమ్మి అందులోనే అద్దెకున్నారు. 2007లో ఇంకో మెట్టు కిందికి. చైర్మన్ ఆఫీసులో బంగారు చేపల తొట్టి ఉండేదట, దానికి నెలనెలా అద్దె కట్టేవారని తర్వాత లెక్కల్లో బయటపడింది. ఇక్కడ ఇప్పటికీ ఎవరైనా అనవసర ఖర్చు చేస్తే "గోల్డ్ ఫిష్" అంటారు. మళ్లీ ప్రీమియర్ లీగ్‌కి వచ్చింది 2020లో. పదహారేళ్లు.

ఓ రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయనని అడిగాను, "ఆ 2001 సెమీఫైనల్ వద్దనుకునే వారా?" అని. ఆక్సిజన్ గొట్టం సర్దుకుని, "డాక్టర్, మేమది గెలవలేదు కూడా" అన్నాడు. వాలెన్సియా చేతిలో 3-0తో ఓడిపోయారు. మీ హైదరాబాద్ కనీసం గెలిచింది.

గుంటూరు గన్నర్ · శనివారం, మధ్యాహ్నం 2:51

ఆ చేపల అద్దె చదివి టీ గొంతుకు అడ్డం పడింది డాక్టర్ గారూ.

ఒక సందేహం. లీడ్స్ అంత పడ్డా మళ్లీ లేచింది కదా. మనది ఎందుకు లేవదు?

ఎల్లండ్ రోడ్ డాక్టర్ · శనివారం, మధ్యాహ్నం 3:10

ఊరు వదిలి పోలేదు కాబట్టి. మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు కూడా ఇరవై వేల పైచిలుకు మంది వచ్చేవారు. కొన్నవాళ్లు మారారు, స్టేడియం చేతులు మారింది, 2017లో మళ్లీ తిరిగి కొనుక్కున్నారు. కానీ లీడ్స్ యునైటెడ్‌ని ఎత్తుకెళ్లి ఇంకో ఊళ్లో పెడదామని ఎవరూ అనలేరు. అంటే రోడ్డు మీదికి వస్తారు. మన లీగ్ పద్ధతి వేరు. క్లబ్బు అంటే ఒక సీటు. సీటు కొన్నవాడు ఎక్కడైనా కూర్చోవచ్చు.

కొచ్చి కోడలు · శనివారం, మధ్యాహ్నం 3:18

డాక్టర్ గారు చెప్పింది వింటే నాకు పుణే గుర్తొస్తోంది. 2019లో మీ టీమ్ వచ్చింది పుణే టీమ్ పోయిన ఖాళీలోనే కదా. అప్పుడు పుణే వాళ్లు కూడా జెర్సీలు అటక ఎక్కించే ఉంటారు. హైదరాబాద్‌లో ఎవరైనా బాధపడ్డారా?

గచ్చిబౌలి గ్యాలరీ · శనివారం, మధ్యాహ్నం 3:26

లేదక్కా. మేం ఆ రోజు స్వీట్లు పంచుకున్నాం.

ఆఫ్‌సైడ్ ఆడిటర్ · శనివారం, మధ్యాహ్నం 3:40

ఇంకో విచిత్రం. అదే 2019లో ఢిల్లీ డైనమోస్ టీమ్ భువనేశ్వర్‌కి పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్ల తర్వాత ఢిల్లీకి మన టీమ్ వెళ్లింది. మ్యూజికల్ చైర్స్. పాట ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు నిలబడతారు.

ఫతేమైదాన్ · శనివారం, సాయంత్రం 6:35

బాబూ, పిల్లలందరి మాటలూ చదివాను. నాకు 68 ఏళ్లు. మా నాన్నగారు అబిడ్స్‌లో గుమాస్తాగా చేసేవారు, సాయంత్రం ఆఫీసు నుంచి సరాసరి ఫతేమైదాన్‌కి వెళ్లేవారు. ఇప్పుడు మీరు ఎల్బీ స్టేడియం అంటారే, అదే. హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటంటే ఆయనకి పిచ్చి. నేను చూడలేదు, విన్నాను. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

1950 నుంచి 1954 దాకా బొంబాయిలో రోవర్స్ కప్పు వరుసగా అయిదేళ్లు మనదే. అయిదేళ్లు! ఎవరు గెలిపించారు? రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి మాస్టారు. ఆయన కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ చేయకూడదనే రూలుతో టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే ఇచ్చెయ్. నాన్నగారు ఇంట్లో అన్నం తింటూ ఉప్పు డబ్బా అటూ ఇటూ జరిపి చూపించేవారు, ఒక్క తాకు, రెండో తాకు. అమ్మ కసిరేది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, రెండింటికీ కోచ్ ఆయనే. మన సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం ఆ రెండింటిలోనూ ఆడాడు. 2023లో పోయాడు పాపం.

ఆయన గెలిచారు, కట్టారు కూడా. రెండూ ఒకే చేత్తో. ఆడిటర్ బాబు జీతాల సంగతి రాశాడు. పోలీస్ టీమ్‌లో ఆడేవాడికి అది సర్కారు ఉద్యోగం. ఓడినా ఒకటో తారీఖు జీతం వస్తుంది. ఇంటి అద్దె దిగులు లేనివాడు కుదురుగా ఆట నేర్చుకుంటాడు.

1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత మెల్లమెల్లగా అంతా పలచబడింది. మంచివాళ్లు అంతకుముందే కలకత్తా దారి పట్టడం మొదలైంది, బలరాం ఈస్ట్ బెంగాల్‌కే వెళ్లాడు. అన్నీ ఒక్క మనిషి చేతి మీద నడిచాయి, ఆ మనిషి పోయాడు. మీ మార్కెజ్ గోవాకి వెళ్లాడని విన్నప్పుడు నాకు మా నాన్న ముఖం గుర్తొచ్చింది.

నైజాం నైన్ · శనివారం, సాయంత్రం 6:50

బాబాయ్ గారూ 🙏 ఉప్పు డబ్బా సూపర్. మీరు ఇక్కడ ఇంకా రాయాలి.

బంజారా బ్యాక్‌బెంచ్ · శనివారం, రాత్రి 9:15

ఎవరు గెలిచినా ఓడినా ఇండియాలో ఫుట్‌బాల్ చూసేవాడెవడు భయ్యా. ఐపీఎల్ చూసుకోండి. సన్‌రైజర్స్ ఎక్కడికీ పోదు.

మోడరేటర్ · శనివారం, రాత్రి 9:22

క్రికెట్ పోస్టులు క్రికెట్ విభాగంలో. ఇది రెండోసారి, బ్యాక్‌బెంచ్ గారూ. ఆ తర్వాత వచ్చిన ఆరు జవాబులు తీసేశాను, భాష బాగాలేదు. నైజాం నైన్, అందులో మూడు మీవే.

లెఫ్ట్‌ఫుట్ కోచ్ · ఆదివారం, ఉదయం 11:48

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. సికింద్రాబాద్ వైపు పిల్లలకి ఆట నేర్పుతాను, పధ్నాలుగేళ్లుగా. పెద్ద అకాడమీ కాదు. నలభై మంది పిల్లలు, పన్నెండు బంతులు, అందులో మూడింటికి గాలి నిలవదు. మీరు ఐఎస్ఎల్ గురించి మాట్లాడుతున్నారు. ఈ తగువు అక్కడ మొదలవ్వదు, పదేళ్ల పిల్లల దగ్గరే మొదలవుతుంది. నేను చేసిన తప్పొకటి చెప్తా.

ఎనిమిదేళ్ల కింద నా దగ్గర ఇద్దరు పిల్లలుండేవారు, ఇద్దరికీ పన్నెండేళ్లు. ఒకడు అప్పటికే నా భుజం దాకా ఉండేవాడు. వాణ్ణి అందరూ పొడుగోడు అనేవారు. రెండోవాడు వాడి పక్కన నిలబడితే తమ్ముడనుకునేవారు. పొట్టివాడి కాలు బంగారం. బంతి ఎలా వచ్చినా పాదం కింద మెత్తగా ఆగేది. తల ఎత్తి చూసేవాడు, ఆ వయసులో తల ఎత్తేవాళ్లు అరుదు.

టోర్నమెంట్ వచ్చింది. అండర్-13. నాలుగు వేలు ఎంట్రీ ఫీజు కట్టాను, తల్లిదండ్రులందరూ వచ్చి గోడ మీద కూర్చున్నారు. మట్టి గ్రౌండ్, గడ్డి లేదు, బంతి ఎటు లేస్తుందో తెలీదు. అలాంటి చోట పొట్టివాణ్ణి ఆడిస్తే రెండు పాసులయ్యాక ఎవడో వచ్చి భుజంతో నెట్టేస్తాడు. పొడుగోణ్ణి ముందు నిలబెట్టి గోల్‌కీపర్‌తో బారుగా కొట్టిస్తే చాలు. వాడు పరిగెత్తి అందరినీ దాటేసి గోల్ కొట్టేస్తాడు. అదే చేశాను. నాలుగు మ్యాచ్‌లు, తొమ్మిది గోల్స్, కప్పు. గోడ మీద నుంచి ఈలలు. ఆ వారం కొత్తగా పదిమంది పిల్లలు చేరారు. ఆ ఫీజుతో కొత్త నెట్లు కొన్నాను. చెప్పండి, నేనెలా మానేస్తాను? మూడేళ్లు అలాగే గెలిచాం. షెల్ఫ్‌లో కప్పులు పట్టలేదు.

పొట్టివాడు బెంచీ మీద కూర్చుని కూర్చుని ఏడాదిలో మానేశాడు. వాళ్ల నాన్న క్రికెట్‌లో చేర్పించాడని తెలిసింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే గుచ్చుకుంది.

పొడుగోడికి పదహారు వచ్చాయి. మిగతా పిల్లలందరూ అప్పటికి వాడంత పెరిగారు, కొందరు దాటారు. ఒక మంచి క్లబ్బు సెలెక్షన్‌కి తీసుకెళ్లాను. బంతి వాడి దగ్గరికి వచ్చింది. కాలికి తగిలి మూడు గజాలు ముందుకు పోయింది, ఎదుటివాడు తీసుకుపోయాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ మూడు గజాలు. నాలుగేళ్లలో నేను వాడికి బంతి ఆపడం నేర్పలేదు, అవసరమే రాలేదు కదా. ఇరవై నిమిషాల్లో బయటికి పంపేశారు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద వెనకాల కూర్చుని "సార్, నేను బాగా ఆడలేదా?" అన్నాడు. రెండు సిగ్నళ్లు దాటేదాకా నా దగ్గర మాట లేదు.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. కనిపిస్తే నమస్తే పెడతాడు. బంతి మాత్రం ముట్టడు.

గచ్చిబౌలి గ్యాలరీ · ఆదివారం, మధ్యాహ్నం 12:05

కోచ్ సార్, నేను జెర్సీ గురించి ఏడుస్తున్నా. మీరు ఇది రాశారు.

నైజాం నైన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:19

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. ఆ టోర్నమెంట్ ఓడిపోయి ఉంటే ఆ పదిమంది చేరేవాళ్లు కాదు, నెట్లు వచ్చేవి కాదు. మీ గ్రౌండ్ ఈపాటికి ఫంక్షన్ హాల్ పార్కింగ్ అయ్యేదేమో. గెలుపు లేకపోతే కట్టడానికి ఇటుకలు ఎక్కడివి?

లెఫ్ట్‌ఫుట్ కోచ్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

నిజమే తమ్ముడూ. అందుకే దీన్ని తప్పన్నాను గానీ పాపమనలేదు.

ఇప్పుడేం చేస్తున్నానో చెప్తా. అండర్-13లో ప్రతి పిల్లాడూ సగం మ్యాచ్ ఆడాలి, అది మా గ్రౌండ్ రూలు. గోల్‌కీపర్ బారుగా కొట్టకూడదు. ఈ రూలు పెట్టిన మొదటి ఏడు ప్రతి టోర్నమెంట్‌లోనూ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాం. ఒకసారి 7-0. పదకొండు మంది పిల్లల్ని మాన్పించేశారు. ఒకాయన ఫీజు వాపసు అడిగాడు, ఇచ్చాను. ఇంట్లో మా ఆవిడ "ఇంకెన్నాళ్లీ ఆదర్శం" అంది. పధ్నాలుగు దాటాక మాత్రం గెలవడానికే ఆడిస్తాను. గెలవాలన్న కసి లేని పిల్లాడు కూడా పనికిరాడు, అదీ నేర్పాలి. ఎప్పుడు ఏది అన్నదే నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు.

ఆఫ్‌సైడ్ ఆడిటర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:02

కోచ్ గారు చెప్పినదానికి మన ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది, ఎవరూ ఎత్తలేదు. శ్రీనిధి డెక్కన్ క్లబ్బు. వాళ్లు ముందు పిల్లల టీములు పెట్టారు, తర్వాత సీనియర్ టీమ్‌కి వచ్చారు. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం. ఐఎస్ఎల్ కింది మెట్టు అయిన ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. మొదటి స్థానం వస్తే పై లీగ్‌కి వెళ్లేవాళ్లు. ఒక సారి పంజాబ్ టీమ్ పైకి వెళ్లింది, ఇంకోసారి మొహమ్మడన్ టీమ్.

మనలో ఎంతమంది వాళ్ల మ్యాచ్‌కి వెళ్లారు? నిజం చెప్పండి. నేను ఒక్కసారి వెళ్లాను, అదీ అజీజ్‌నగర్‌లో బంధువుల ఇంట్లో పెళ్లి ఉంటే.

గుంటూరు గన్నర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:09

నేను గుంటూరులో ఉంటాను కాబట్టి తప్పించుకున్నా.

నైజాం నైన్ · ఆదివారం, మధ్యాహ్నం 1:11

సున్నా. 😶

గచ్చిబౌలి గ్యాలరీ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

నేనూ సున్నా. గోవా దాకా వెళ్లాను, అజీజ్‌నగర్ వెళ్లలేదు. మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు.

ఇంకోటి ఒప్పుకోవాలి. కప్పు దాకా నడిచిన ఆ రెండు సీజన్ల టీమ్‌ని మనం గచ్చిబౌలిలో చూడనే లేదు. కరోనా వల్ల లీగ్ అంతా గోవాలోనే జరిగింది. ఛాంపియన్లుగా వాళ్లు ఇక్కడ ఆడింది ఆ తర్వాతి సీజన్‌లో. మోహన్‌బగాన్‌తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్ ఇక్కడే చూశాను, 0-0. కోల్‌కతాలో పెనాల్టీల మీద పోయింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకున్న సంబంధమంతా టీవీతో, ఒక్క రాత్రితో. కొచ్చి కోడలు గారి మరిది "మనోడు" అని లేచి నిలబడ్డట్టు నేనెప్పుడూ నిలబడలేదు. నిలబడ్డానికి మనోడు లేడు.

అయినా కప్పు వెనక్కి ఇవ్వను, నైజాం తమ్ముడు చెప్పినట్టే. మన నర్జారీ చివరి పెనాల్టీ కొట్టాక ఆ అపరిచితుడు నన్ను ఎత్తుకున్నాడు, నేను 84 కిలోలు. ఎలా ఇస్తా?

కొచ్చి కోడలు · ఆదివారం, మధ్యాహ్నం 1:44

మీరు ఇవ్వకపోయినా పర్లేదు, మా మామగారు రోజూ అడుగుతూనే ఉంటారు.

ఫతేమైదాన్ · ఆదివారం, సాయంత్రం 5:20

కోచ్ బాబూ, ఆ పొట్టి పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు?

లెఫ్ట్‌ఫుట్ కోచ్ · ఆదివారం, సాయంత్రం 5:41

తెలుసండీ. క్రికెట్ కూడా మానేశాడు, ఇంజనీరింగ్ రెండో ఏడాది. పోయిన నెల దారిలో కలిస్తే ఆదివారాలు పిల్లలకి సాయం చేయడానికి రమ్మన్నాను. రెండు వారాలు రాలేదు. ఇవాళ వచ్చాడు. చెప్పులతోనే వచ్చాడు, గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవడో పిల్లాడు కొట్టిన బంతి అటు పోతే చెప్పు విప్పి పాదం కింద ఆపాడు. అలాగే ఆగింది.

వచ్చే ఆదివారం ఆరున్నరకి అండర్-13 వాళ్లకి ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది. టికెట్ లేదు, కుర్చీలు కూడా లేవు, గోడ ఉంది. ఎవరైనా వస్తానంటే గాలి కొట్టే పంపు ఒకటి తీసుకురండి, మాది పాడైంది.

నైజాం నైన్ · ఆదివారం, సాయంత్రం 5:47

నా దగ్గర సైకిల్ పంపు ఉంది సార్, సూది లేదు.

గచ్చిబౌలి గ్యాలరీ · ఆదివారం, సాయంత్రం 5:52

సూది నేను తెస్తా. లొకేషన్ పంపండి. జెర్సీ కుట్టించడానికి ఇచ్చాను, బుధవారం ఇస్తానన్నాడు.